విమానానికి దివిటీ పట్టినవారు

దివిటీలపాలెం గ్రామంలో తెలివికి పుట్టినిల్లు ఏదని అడిగితే దివిటీలవారి ఇల్లు అని ఆ ఇంటివారే చెప్పేవారు. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు భూలోకయ్య, నడిమివాడు తవిటయ్య, కడగొట్టువాడు గవరయ్య. లోకంలో ఉన్న తెలివిలో సగం తమ ముగ్గురి తలల్లోనే ఉన్నదని వారి ప్రగాఢ విశ్వాసం. మిగిలిన సగం మాట ఎవరైనా ఎత్తితే, "అది మా ఇంటిదాని దగ్గరున్నాది. వంటింట్లో జాడీలో దాసింది" అనేవాడు భూలోకయ్య. ఇంటిది, అనగా అచ్చియ్యమ్మ, ఆ మాట విని తల వంచుకుని వినయంగా ఒప్పుకొనేది.

వారి తెలివికి ఒక్క తార్కాణం చాలు. ఒకమారు దివిటీకి కొత్త పిడి చేయించవలసి వచ్చింది. పాత పిడి పొడవెంతో కొలిచి వడ్రంగికి చెప్పి రమ్మని గవరయ్యను పంపారు. గవరయ్య రెండు చేతులూ చాచి పిడిని కొలిచాడు. కొలత చెడకూడదు కదా, చాచిన చేతులు చాచినట్లే ఉంచుకొని బయలుదేరాడు. గుమ్మంలో చేతులు పట్టలేదు. అంతే, అన్నలిద్దరూ గునపాలు తెచ్చి గుమ్మం పడగొట్టారు. "గుమ్మం మళ్ళీ కట్టుకోవచ్చు, కొలత మళ్ళీ వస్తాదేటి" అని భూలోకయ్య అన్నాడు. ఆ పూట ఊరంతా వచ్చి ఆ గుమ్మాన్ని చూసిపోయింది. దానిని వారు గౌరవంగానే భావించారు.

ఏడు తరాలుగా ఆ వంశానిది ఒకటే వృత్తి. వేణుగోపాలస్వామి ఉత్సవానికి దివిటీ పట్టడం. స్వామి పల్లకికి పదడుగుల ముందు దివిటీ నడవాలి. దివిటీ నడిస్తే స్వామి నడుస్తాడు, దివిటీ నిలిస్తే స్వామి నిలుస్తాడు. నాలుగు వీధులూ తిరిగి, ఊరేగింపు ముగిసిన చోట దివిటీ ఆర్పి, "ఇక స్వామికి పవ్వళింపు" అని చెప్పి తప్పుకోవాలి. ఇంతకు మించిన శాస్త్రం వారికి తెలియదు. ఇంతకు మించినది ఉన్నదని కూడా తెలియదు.

అయితే రెండేళ్ళ క్రితం ఊరివారు జనరేటరు బండి ఒకటి కొన్నారు. పల్లకికి ముందు ట్యూబులైట్లు నడవడం మొదలైంది. నాటినుంచి తండ్రిగారి దివిటీ గోడకు వేలాడుతూ చల్లగా ఉండిపోయింది. ప్రతి శుక్రవారం భూలోకయ్య దాన్ని దించి, చింతపండుతో తోమి, తుడిచి, మళ్ళీ వేలాడగట్టేవాడు. తోమేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాడు. ఆ ఒక్క గడియలో మాత్రం అతడు తెలివైనవాడిగా కాక, ఉత్త కొడుకుగా కనబడేవాడు.

అటువంటి రోజుల్లో ఊరి పక్కనే కొండ దిగువన ఉన్న సైనిక విమానాశ్రయంవారు ఒక చాటింపు వేయించారు. రన్‌వే దీపాల అమరికలోను, సంరక్షణలోను మూడు నెలల శిక్షణ ఇస్తారట. చివర పరీక్ష. నెగ్గినవారికి పత్రం. పత్రం ఉన్నవారిని దీపాల కావలికి శాశ్వతంగా నియమిస్తారట.

"దీపం అన్నాక మనం కాకపోతే ఎవులు" అన్నాడు తవిటయ్య.

"ఆళ్ళే మనకాడ నేర్సుకోవాల గాని, మనకి నేర్పడమేటి" అన్నాడు గవరయ్య.

భూలోకయ్య గోడవంక చూశాడు. "పత్రం వస్తే నాన్న దివిటీకి పని దొరుకుతాది. ఎలాగైనా పత్రం తేవాల" అన్నాడు. అచ్చియ్యమ్మ మూడు సద్ది మూటలు కట్టింది.

శిక్షకుడు వారంటు ఆఫీసరు పరాంకుశంగారు. తెల్లని మీసం, గంభీరమైన కంఠం, ముప్పై ఏళ్ళ అనుభవం. ఆయన మొదటి పాఠం ఇట్లా చెప్పారు: "నాయనలారా, చీకటి పడ్డాక ఆకాశంలో ఉన్నవాడికి నేల కనబడదు. వాడికి దీపమే నేల. దీపం ఎటు చూపితే విమానం అటు వస్తుంది. ఇది మరిచినవాడు ఈ మైదానంలో కాలు పెట్టరాదు."

భూలోకయ్య లేచి చేతులు జోడించాడు. "మా నాన్న సెప్పిందీ ఇదే బాబూ. స్వామికీ అంతే."

పరాంకుశంగారికి ముచ్చట వేసింది. పాపం, ఆయనకు ఆ ముచ్చట వారం రోజులే నిలిచింది.

రెండో వారం అమరిక పాఠం. పరాంకుశంగారు బల్లమీద పెద్ద పటం పరిచారు. రన్‌వే అంచులకు తెల్లదీపాల వరసలు రెండు, మొదట పచ్చదీపాలు, తుద ఎర్రదీపాలు, విమానం నిలుపు చోటికి పోయే దారికి నీలిదీపాలు. "ఈ పటంలో ఏమున్నదో రేపు సాధనకు ఆ ఖాళీ మైదానంలో చేతిదీపాలతో అదే ఉండాలి. ఒకటి తగ్గరాదు. మీ సొంత బుద్ధి ఎంతమాత్రం వాడవద్దు" అని ముగ్గురికీ పటం అప్పగించి వెళ్ళిపోయారు.

ఇంకేముంది, సొంత బుద్ధి వాడకపోవడంలో వారిని మించినవారు లేరు. మరునాడు పరాంకుశంగారు బురుజుమీదికెక్కి చూశారు. అంచుల వరసలు దారం పట్టినట్లున్నాయి. పచ్చవి పచ్చగా, ఎర్రవి ఎర్రగా ఉన్నాయి. అయితే దారికి సరిగ్గా నడుమ నూటఇరవై దీపాలతో ఒక మహావలయం ఉన్నది. దాని పక్కన తవిటయ్య నడుం లోతు గుంతలో నిలబడి మట్టి ఎత్తిపోస్తున్నాడు.

"అదేమిటి నాయనా" అన్నారు పరాంకుశంగారు కిందికి దిగివచ్చి.

"పటంలోదే బాబూ" అని భూలోకయ్య పటం విప్పి చూపాడు. "ఇమానం దిగేముందు స్వామిలాగా ఓ ప్రదక్షిణం సేస్తాది కావాల అనుకున్నాం. సొంత బుద్ధి వాడొద్దన్నారని ఎందుకని అడగలేదు."

పరాంకుశంగారు పటంలోకి చాలాసేపు చూశారు. "అది నా కాఫీ గ్లాసు పెట్టిన మరక."

"మరి ఈ మూడు బొట్లు?"

"కాఫీ ఒలికింది."

భూలోకయ్య గుంతవైపు తిరిగాడు. "ఒరే తవిటీ, మూడోది తవ్వకు. అది కాఫీ అట."

ఆ సాయంత్రమే వారిని ఇంటికి పంపివేయాలని పరాంకుశంగారు అనుకున్నారు. కాని ఒక సంగతి ఆయన చేతులు కట్టివేసింది. కొండగాలి ఎంత విసిరినా ఆ ముగ్గురి చేతుల్లో దీపం ఆరేది కాదు. తక్కిన శిష్యుల చేతుల్లో పది దీపాలకు ఏడు ఆరిపోయేవి. ఆ చేతుల కోసం ఆ తలలను సహించక తప్పదని ఆయన నిశ్చయించుకున్నారు.

తరువాత సంరక్షణ పాఠం వచ్చింది. "ఒక బల్బు చెడిపోయిందనుకోండి. దాన్ని తీసి, అచ్చం అటువంటిదే మరొకటి పెట్టాలి. కొలతలో గాని, రంగులో గాని, దేనిలోనూ ఇసుమంత తేడా ఉండరాదు" అన్నారు పరాంకుశంగారు. ముగ్గురూ తలలూపారు.

మరునాడు పన్నెండో దీపం వెలగలేదు. ముగ్గురూ కొట్టుకు వెళ్ళి కొత్త బల్బుల పెట్టె విప్పారు. గవరయ్య ఒకటి తీసి పెట్టి చూశాడు. వెలిగింది. "ఇది అలాటిది కాదన్నా. ఇది ఎలుగుతోంది" అన్నాడు. తీసేశారు. రెండోది పెట్టారు. అదీ వెలిగింది. మూడోది, నాలుగోది, నలభయ్యోది, అన్నీ వెలిగినవే. "సర్కారు సరుకు మరీ ఇంత సెడిపోయిందేటి, ఒక్కటీ సరయింది లేదు" అని తవిటయ్య నిట్టూర్చాడు. చివరికి భూలోకయ్య చెత్తకుప్పలో వెదకి ఒకటి తెచ్చాడు. పెట్టారు. వెలగలేదు. ముగ్గురి ముఖాలూ వెలిగాయి.

"పన్నెండోది మార్చారా" అని సాయంత్రం పరాంకుశంగారు అడిగారు.

"మార్చినాం బాబూ. ముందుదానికీ దీనికీ ఏటి తేడాయో దేవుడు కూడా సెప్పలేడు."

పన్నెండో దీపం చీకటిగానే ఉన్నది. పరాంకుశంగారు దానివంక చూసి, వారివంక చూసి, ఇంటికి వెళ్ళి తలకు తడిగుడ్డ చుట్టుకున్నారు.

ఆ పై వారం ధూళి పాఠం. దీపపు గాజుమీద రేణువంత ధూళి కూడా పడనీయరాదన్నారు ఆయన. ఆ మాట ఇంటికి చేరింది. అచ్చియ్యమ్మ పాత చీరలు ఆరు చించి, రాత్రులు మేలుకొని, రెండు వందల దీపాలకు రెండు వందల కుచ్చుల టోపీలు కుట్టింది. అన్నదమ్ములు వాటిని తొడిగి, గాలికి పోకుండా తాళ్ళతో బిగించారు. ధూళి పడలేదు. వెలుగు కూడా బయటికి రాలేదు. పరాంకుశంగారు టోపీలు తీయమన్నారు. తీశాక అచ్చియ్యమ్మ వచ్చి, "ఏటి బాబూ, కొలత సరిపోలేదా" అని అడిగింది. ఆ తల్లి కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉండడం చూసి, "చాలా చక్కగా కుట్టావమ్మా" అని తప్ప ఆయన మరొక మాట అనలేకపోయారు. అంతే, ఆమె వాటిని ఇంటికి తీసుకుపోయి మళ్ళీ ఉతికి, వచ్చే వారానికి సిద్ధంగా ఉంచింది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఎత్తుదీపాల పాఠం ఒక్కటీ ఒక ఎత్తు.

రన్‌వే పక్కన వరసగా నాలుగు పెట్టెదీపాలు ఉంటాయి. "వీటిని చూసి పైలటు తన ఎత్తు తెలుసుకుంటాడు" అన్నారు పరాంకుశంగారు. "సరయిన ఎత్తులో ఉంటే రెండు ఎర్రగా, రెండు తెల్లగా కనబడతాయి. మరీ పైన ఉంటే నాలుగూ తెలుపు. కొంచెం కిందికి దిగితే మూడు ఎరుపు. నాలుగూ ఎర్రగా కనబడ్డాయంటే మహా ప్రమాదం. తక్షణం పైకి లేవాలి. వెనుకాముందు చూడరాదు."

మరునాడు ముగ్గురూ గడ్డి కోస్తూ తలెత్తి ఆ పెట్టెలవంక చూశారు. నాలుగూ ఎర్రగా ఉన్నాయి.

"అన్నా" అన్నాడు గవరయ్య.

"నానూ సూసినాన్రా. ఎనకాముందు సూడకండి. లేవండి."

కొడవళ్ళు అక్కడే పారవేసి ముగ్గురూ పరుగు. దాపున ఎత్తయిన నీళ్ళ ట్యాంకు ఉన్నది. నిచ్చెన పట్టుకొని ఎగబాకారు. సగం ఎక్కాక భూలోకయ్య తిరిగి చూశాడు. మూడు ఎరుపు. "ఇంకా ఎక్కండి" అన్నాడు. కొసకు చేరాక చూస్తే రెండు ఎరుపు, రెండు తెలుపు. ముగ్గురూ గుండెలమీద చేతులు వేసుకొని కూర్చున్నారు.

మధ్యాహ్నం అచ్చియ్యమ్మ సద్ది తెచ్చి కింద నిలబడింది. "దిగండి, అన్నం సల్లారిపోతాది."

"దిగితే నాలుగూ ఎర్రబడతాయే, సస్తాం" అన్నాడు భూలోకయ్య పైనుంచి. "ముందు నీ సంగతి సూసుకో. నువ్వు ఎంత కిందనున్నావో తెలుసునా?"

అచ్చియ్యమ్మ తన కాళ్ళవంక చూసుకున్నది. నిజమే, ఆమె నేలమీదే ఉన్నది. పుట్టినది మొదలు ఇంత ప్రమాదంలో బతుకుతున్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. సద్దిమూట నెత్తిన పెట్టుకొని గబగబ ఎక్కేసింది. నలుగురూ పైన కూర్చొని అన్నాలు తిన్నారు. పరాంకుశంగారు ఎంత పిలిచినా దిగలేదు. చివరకు ఆయన పెట్టెదీపాల మీట కట్టివేయించారు. దీపాలు ఆరగానే, "ప్రమాదం పోయింది" అని తృప్తిగా దిగివచ్చారు.

మూడు నెలలు నిండాయి. పరీక్షనాడు గ్రూపు కెప్టెన్‌గారు స్వయంగా చిన్న విమానంలో సందెవేళ దిగుతారనీ, దిగిన తీరు నచ్చితే పత్రాలమీద సంతకం చేస్తారనీ కబురు వచ్చింది. పరాంకుశంగారు ముగ్గురినీ పిలిచి, "నాయనలారా, మీకు నమస్కారం. ఈ ఒక్క పూట నేను చెప్పింది తప్ప మరేదీ చేయకండి" అన్నారు.

భూలోకయ్య ఆనాడు తండ్రి దివిటీని కొత్త గుడ్డలో చుట్టి చంకన పెట్టుకొని వచ్చాడు. "పత్రం ఇచ్చేటప్పుడు నాన్న కూడా సూడాల గదా బాబూ" అన్నాడు.

పొద్దు గుంకింది. మబ్బు కమ్మింది. పడమటినుంచి విమానం చప్పుడు వినబడింది. సరిగ్గా అప్పుడే మైదానంలోను, ఊళ్ళోను కరెంటు పోయింది. రెండు వందల దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. పరుగున పోయి జనరేటరు తిప్పారు. అది రెండుమార్లు దగ్గి ఊరుకున్నది. పైన విమానం ఒక చుట్టు చుట్టింది, రెండో చుట్టు చుట్టింది. ఇంధనం ఇక పావుగంటకు సరిపోతుందని రేడియోలో మాట వచ్చింది.

అటువంటి వేళకని కొట్టులో కిరసనాయిలు దీపాలు ఉన్నాయి. కొంగమెడలా వంగిన మూతి వాటిది. తక్కిన శిష్యులు వాటిని బయటికి తెచ్చి వెలిగించారు. గాలి ఒక్క విసురు విసిరింది. అన్నీ ఆరిపోయాయి. పరాంకుశంగారు అన్నదమ్ములవైపు తిరిగారు.

"భూలోకయ్యా" అన్నారాయన. "అంచులకు రెండు వరసలు. కాఫీ మరక వద్దు. విమానం నిలిచేదాకా ఒక్కటీ కదపవద్దు. ఇంతే."

భూలోకయ్య గుడ్డ విప్పి తండ్రి దివిటీ వెలిగించాడు. రెండేళ్ళుగా చల్లగా ఉన్న దివిటీ భగ్గుమని లేచింది. ఇక అన్నదమ్ములు ముగ్గురూ కదిలారు. ఒకడు దీపం దించుతాడు, ఒకడు చేయి అడ్డం పెడతాడు, ఒకడు దివిటీ తాకించి పోతాడు. గాలికి వీపు ఎట్లా ఒగ్గాలో ఆ వీపులకు ఏడు తరాలుగా తెలుసు. చూస్తుండగానే అరవై దీపాలు రెండు బారులుగా నిలిచాయి. ఒక్కటి ఆరలేదు. మూడో చుట్టులో విమానం ఆ రెండు వరసల నడుమకు పావురంలా దిగి, పరుగెత్తి, దూరాన నిలిచింది.

పరాంకుశంగారు నేలమీద కూలబడి రెండు చేతులూ ముఖానికి కప్పుకున్నారు. ఏడ్చారో నవ్వారో ఆయనకే తెలియాలి.

ఇంతలో ఆ చివర విమానం కిటికీ తెరుచుకున్నది. గ్రూపు కెప్టెన్‌గారు తల బయటపెట్టి, దాపున దివిటీతో నిలబడ్డ భూలోకయ్యతో, "శభాష్. నీలిదీపాలు లేవు, నాకేమీ కనబడడం లేదు. దారి చూపుతూ ముందు నడు, నేను వెనక వస్తాను" అన్నారు.

ఇంకేముంది. భూలోకయ్య ఒళ్ళు పులకరించింది. పదడుగులు ముందుకు వేసి దివిటీ పైకెత్తాడు. తమ్ములిద్దరూ అటొకడు ఇటొకడు చేతిదీపాలు పట్టారు. దివిటీ నడిచింది. విమానం నడిచింది. భూలోకయ్య ఎక్కడికని ఆలోచించలేదు. ఆ దివిటీ చేతిలో ఉంటే ఆ కాళ్ళకు ఒకటే దారి తెలుసు.

మైదానపు వాకిలి వచ్చింది. రెక్కలు పట్టలేదు. తవిటయ్య గవరయ్యవంక చూశాడు. గవరయ్య తవిటయ్యవంక చూశాడు. ఇద్దరూ కంచె స్తంభాలు వరసగా పీకి పక్కన పెట్టారు. కావలి సిపాయి, గ్రూపు కెప్టెన్‌గారి విమానాన్ని అడ్డగించరాదన్న నియమం ఎరిగినవాడు గనుక, మడమలు కలిపి సలాము కొట్టాడు.

దివిటీలపాలెంలో తూర్పువీధి మొదలైంది. ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. అచ్చియ్యమ్మ హారతిపళ్ళెం తెచ్చి, ముందు చక్రంమీద కొబ్బరికాయ కొట్టి, ముక్కుకు బొట్టు పెట్టబోయి, తిరిగే పంకా గాలికి కొంగు పోయి వెనక్కి తగ్గింది. దక్షిణపువీధిలో ఆరవేసిన బట్టలన్నీ ఎగిరి పడమటివీధికి ముందుగా చేరుకున్నాయి.

"ఇంకా ఎంత దూరం" అని కిటికీలోనుంచి గ్రూపు కెప్టెన్‌గారు కేకవేశారు.

"ఒక్క వీధే బాబూ. ఉత్తరపువీధిలో కాస్త గతుకులుంటాయి. గట్టిగా పట్టుకోండి."

నాలుగు వీధులూ ముగిశాయి. తమ ఇంటి ముందరికి వచ్చి భూలోకయ్య ఆగాడు. విమానం ఆగింది. అతడు ఆచారం ప్రకారం దివిటీ ఆర్పి, వంగి నమస్కరించి, "ఇక తమరికి పవ్వళింపు" అన్నాడు.

అప్పుడు ఊళ్ళోకి కరెంటు వచ్చింది. గ్రూపు కెప్టెన్‌గారు చుట్టూ చూశారు. కుడిరెక్క మీద రెండు కోళ్ళు ఉన్నాయి. ఎడమరెక్క కింద ఒక గేదె పడుకొని నెమరువేస్తున్నది. ఎదురుగా గుమ్మం లేని ఇల్లు. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

పరాంకుశంగారు రొప్పుతూ సైకిలుమీద వచ్చిపడ్డారు. గ్రూపు కెప్టెన్‌గారు కళ్ళు తుడుచుకొని, "వారంటు ఆఫీసరుగారూ, ఈ చేతులే లేకపోతే ఇవాళ నేను లేను. పత్రాలమీద సంతకం చేస్తాను. అయితే నా విమానం..." అన్నారు.

"విన్నారా" అన్నారు పరాంకుశంగారు ముగ్గురివైపు తిరిగి. "ముందు దీన్ని ఎక్కడినుంచి వచ్చిందో సరిగ్గా అక్కడికి చేర్చండి. అప్పుడే పత్రం. నేను వీరికి మైదానంలోని భోజనశాలలో భోజనం పెట్టించి వస్తాను."

వారు వెళ్ళాక ముగ్గురూ విమానంవంక చూశారు.

"రన్‌వే మీంచి వచ్చింది గదా అన్నా" అన్నాడు తవిటయ్య.

"అక్కడ దిగింది. దిగడం వేరు, రావడం వేరు" అన్నాడు భూలోకయ్య. "మన గవరడు అత్తోరింటికాడ్నించి వస్తూ సావిట్లో దిగితే, సావిట్లోంచి వచ్చినట్టా?"

"పైనుంచి వచ్చింది" అన్నాడు గవరయ్య.

"పైన అంటే ఏ పాటి ఎత్తని?"

"అది సారు సెప్పనే సెప్పినారు" అన్నది అచ్చియ్యమ్మ వాకిట్లోంచి. వంటింటి జాడీలోని సగం తెలివి ఆ విధంగా సమయానికి బయటపడింది.

గ్రూపు కెప్టెన్‌గారు మజ్జిగ దాకా వచ్చారు. పరాంకుశంగారికి వడియం నోటికి అందబోతున్నది. అప్పుడు బయట వంద గొంతుల "హైలెస్సా" వినబడింది. ఇద్దరూ విస్తళ్ళు విడిచి బయటికి వచ్చారు. కరెంటు వచ్చింది గనుక మైదానమంతా పట్టపగలులా ఉన్నది. నీళ్ళ ట్యాంకు కింద ఊరు ఊరంతా చేరి స్వామి తేరు మోకులు పట్టుకొని ఉన్నారు. మోకుల కొసన, ట్యాంకు నడుముదాకా లేచి, విమానం మెల్లగా ఊగుతున్నది. కోళ్ళు ఇంకా రెక్కమీదే ఉన్నాయి.

అవతలి రెక్కమీద భూలోకయ్య నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తండ్రి దివిటీ నిండుగా వెలుగుతున్నది. రెండో చేయి నొసటికి అడ్డం పెట్టుకొని, దూరాన ఉన్న నాలుగు పెట్టెదీపాలవంక చూస్తున్నాడు. పరాంకుశంగారు కనబడగానే అతడి ముఖం వికసించింది.

"కంగారు పడకండి బాబూ, పత్రం రాస్తూ ఉండండి" అన్నాడు పైనుంచి. ఆ తరువాత కిందికి తిరిగి, "ఒరే తవిటీ, మూడు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మరొక్క బారెడు లాగండి" అన్నాడు.